1888: వాళ్ళకి లీగు, మనకి కప్పు

మా ఊరు కోడూరు. అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు వెళ్తుంటే తగులుతుంది. ఫుట్‌బాల్‌కీ మా ఊరికీ సంబంధం ఏమీ లేదని ముందే ఒప్పేసుకుంటున్నా. మా దగ్గర ఆటంటే వాలీబాల్, కబడ్డీ, కోతలయ్యాక పొలాల్లో క్రికెట్టు. అంతే. అయినా ఈ కథ మా ఊరి వాలీబాల్ టీముతోనే మొదలుపెట్టాలి, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సంక్రాంతికి పక్క మండలంలో వాలీబాల్ టోర్నమెంటు పెట్టారు. ఎంట్రీ ఫీజు రెండొందలు. ఎనిమిది మందిమి తలా కొంత వేసుకుని ఫీజు కట్టి, పోను బస్సు చార్జీలు మిగుల్చుకున్నాం. తిరుగు చార్జీలు? సెమీస్‌కి వెళ్తే ఎంతో కొంత చేతిలో పెడతారు కదా అని మా కెప్టెన్ ప్లాను. పొద్దున తొమ్మిదింటికి మొదటి మ్యాచి. పదింటికల్లా మ్యాచీ అయిపోయింది, మా పనీ అయిపోయింది. ధాన్యం బస్తాల ట్రాక్టరెక్కి ఇంటికొచ్చాం. దారి పొడుగునా మా కెప్టెన్‌ది ఒకటే గొణుగుడు, "ఇంకొక్క మ్యాచి ఉంటేనా, చూపించేవాళ్ళంరా". ఇంకొక్క మ్యాచి ఉండదు. నాకౌట్ అంటేనే అది.

సరే, అసలు విషయానికొస్తాను. ఆమధ్య ఒక రిలీజు కోసం రాత్రంతా మేలుకోవాల్సి వచ్చి, బిల్డు నడుస్తున్నప్పుడల్లా కాస్త కాస్తగా 'మైదాన్' సినిమా చూశాను. 2024లో వచ్చింది, మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కథ, అజయ్ దేవగణ్ వేశాడు. సినిమా బాగోగులు పక్కన పెడితే నాకో సందేహం పట్టుకుంది. 1950ల్లో దేశం మొత్తమ్మీద అందరూ భయపడే టీము హైదరాబాదు పోలీసులదిట. మరి ఆ ఫుట్‌బాల్ అంతా ఏమైపోయింది? ఆ దారం పట్టుకుని లాగుతూ పోతే అది గ్లాస్గోలో తేలింది. గ్లాస్గోలో మొదటగా నాకు దొరికింది ఏంటో తెలుసా? తిరుగు చార్జీల్లేని టీము!

1871లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి చార్లెస్ ఆల్కాక్. ఆయన చదివిన హారో స్కూల్లో హాస్టళ్ళ మధ్య పోటీలుండేవి. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకి. అదే పద్ధతిలో క్లబ్బులన్నిటికీ కలిపి ఒక కప్పు పెడదామన్నాడాయన. అదే ఎఫ్ఏ కప్పు. మన సంక్రాంతి టోర్నమెంట్లకి కూడా వరసకి తాతే అవుతుంది. మొదటి ఏడాది 15 టీములు పేర్లిచ్చాయి. 20 పౌండ్లు పెట్టి ట్రోఫీ చేయించారు. దానికి చందాలేసిన వాళ్ళలో గ్లాస్గోకి చెందిన క్వీన్స్ పార్క్ క్లబ్బు కూడా ఉంది.

అంత దూరం నుంచి వచ్చేవాళ్ళని ఏం ఇబ్బంది పెడతాంలే అనుకున్నారో, డ్రాలో అలా కలిసొచ్చిందో, క్వీన్స్ పార్క్ ఒక్క మ్యాచి కూడా ఆడకుండానే సెమీఫైనల్‌కి చేరిపోయింది. 1872 మార్చిలో చందాలు పోగేసుకుని రైలెక్కి లండన్ వచ్చారు. వాండరర్స్ అనే పెద్ద క్లబ్బుతో మ్యాచి. 0-0. రీప్లే ఆడాలన్నారు. ఉండటానికి డబ్బుల్లేవు, వెళ్ళి మళ్ళీ రావటానికి అసలే లేవు. "మేం తప్పుకుంటున్నాం" అని చెప్పి రైలెక్కేశారు. వాండరర్స్ ఫైనల్‌కెళ్ళి రాయల్ ఇంజనీర్స్‌ని 1-0తో కొట్టి మొదటి కప్పు ఎత్తుకుపోయారు. అంటే కప్పు గెలిచిన టీము క్వీన్స్ పార్క్‌ని ఓడించలేదు. రైలు టికెట్టు ఓడించింది. ఇది చదివినప్పుడు నాకు ట్రాక్టరు మీద ధాన్యం బస్తా గుచ్చుకున్నట్టే అనిపించింది.

ఆ కాలంలో ఇంగ్లాండు వాళ్ళ ఆట ఎలా ఉండేదంటే, బంతి దొరికినవాడు దాన్ని కాళ్ళతో తోసుకుంటూ ఒక్కడే ముందుకు దూసుకుపోతాడు. అదే డ్రిబ్లింగు. మిగతావాళ్ళంతా వెనకాలే గుంపుగా పరిగెడతారు, వాడి దగ్గర బంతి పోతే అందుకోడానికి. ఒకడికి ఇవ్వడం, తీసుకోవడం అన్నది పెద్దగా లేదు. అలా ఇవ్వడం మగతనం కాదని అనుకునేవాళ్ళు కూడా ఉండేవారు.

1872 నవంబరు 30న గ్లాస్గోలో పార్టిక్ దగ్గర ఒక క్రికెట్ గ్రౌండులో స్కాట్లాండు, ఇంగ్లాండు తలపడ్డాయి. చరిత్రలో మొదటి అధికారిక అంతర్జాతీయ మ్యాచి అదే. స్కాట్లాండు టీములో పదకొండు మందీ క్వీన్స్ పార్క్ వాళ్ళే. ఇంగ్లాండు వాళ్ళు పొడుగ్గా, బరువుగా ఉన్నారు, ఒంటికి ఒళ్ళు ఎదురైతే వీళ్ళు ఎగిరిపడటం ఖాయం. అందుకని స్కాట్లాండు వాళ్ళు బంతిని ఒకరి కాలి దగ్గర ఎక్కువసేపు ఉంచకుండా ఇద్దరిద్దరుగా ఇచ్చిపుచ్చుకుంటూ ఆడారు. ఫలితం 0-0. కానీ ఆట చూడ్డానికి వచ్చిన నాలుగు వేల మందీ కొత్త సంగతి ఒకటి చూశారు.

పాసింగు స్కాట్లాండు వాళ్ళే కనిపెట్టారని తెగేసి చెప్పలేం లెండి. షెఫీల్డులో కొంత ఉంది, రాయల్ ఇంజనీర్స్ కూడా కలిసికట్టుగా ఆడేవారని పేరు. (ఇంజనీర్లు టీమ్‌వర్కుతో ఆడారంటే మా మేనేజరు నమ్మడు.) కానీ దాన్ని ఒక పద్ధతిగా పట్టుకుని దేశం మొత్తం నేర్చుకున్నది మాత్రం స్కాట్లాండే. లెక్కలు చూడండి. 1872 నుంచి 1884 దాకా ఈ రెండు దేశాల మధ్య 13 మ్యాచిలు జరిగితే స్కాట్లాండు 9 గెలిచింది, 2 డ్రా, ఓడింది రెండే. 1878లో 7-2. 1881లో లండన్‌లో, వాళ్ళ సొంత గడ్డ మీద, 6-1. ఆ 6-1 నాటి స్కాట్లాండు కెప్టెన్ ఎవరనుకున్నారు? ఆండ్రూ వాట్సన్, బ్రిటిష్ గయానాలో పుట్టిన నల్లజాతి మనిషి. తండ్రి స్కాట్లాండు తోటల యజమాని, తల్లి గయానా స్త్రీ. 1881లో ఇంగ్లాండుని ఇంగ్లాండులో చిత్తు చేసిన టీముకి నాయకుడు ఒక నల్లవాడన్న సంగతి ఆ తర్వాత వందేళ్ళకు పైగా చాలామందికి గుర్తే లేదు.

ఇక్కడ రామాయణంలో ఒక పిడకల వేట. ఎందుకంటే ఇది మా కృష్ణా జిల్లా వాళ్ళకి తగిలే సంగతి.

స్కాట్లాండు వాళ్ళు కూడా 1873లో తమకో కప్పు మొదలుపెట్టుకున్నారు. మొదటి మూడేళ్ళూ క్వీన్స్ పార్కే గెలిచింది. 1877లో ఆ వరస తెంపి, ఆ ఏడాదితో కలిపి వరసగా మూడేళ్ళు కప్పు పట్టుకుపోయింది వేల్ ఆఫ్ లెవెన్ అనే టీము. అది ఊరి పేరు కూడా కాదు, గ్లాస్గోకి వాయవ్యాన ఒక ఏటి లోయ. ఆ ఏటి ఒడ్డున అన్నీ అద్దకం ఫ్యాక్టరీలే. అక్కడ ప్రత్యేకించి వేసే రంగు పేరు టర్కీ ఎరుపు. ఎంత ఉతికినా పోని ఎరుపు. ఆ ఎర్ర గుడ్డలు ఓడలకెక్కి ఎక్కువగా ఎక్కడికి వచ్చేవో తెలుసా? మన దేశానికే. మనవాళ్ళకి నచ్చేట్టు నెమళ్ళు, మామిడిపిందెలు అచ్చువేసి మరీ పంపేవారు.

బందరు పేరు చెప్తే ఒకప్పుడు యూరపు వాళ్ళకి గుర్తొచ్చేది కూడా ఉతికినా పోని ఎరుపే. చిరివేరుతో అద్దిన బందరు కలంకారీ కోసం డచ్చి వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు ఇక్కడ కొట్లు పెట్టుకుని కాట్లాడుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిల్లు గుడ్డ వచ్చిపడ్డాక ఆ అద్దకం చితికిపోయింది. ఆ మిల్లు గుడ్డకి రంగులేసిన కుర్రాళ్ళే శనివారం మధ్యాహ్నం పని దిగాక ఫుట్‌బాల్ ఆడి స్కాట్లాండు కప్పులు గెలిచారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాను కానీ రాలేదు. వాళ్ళూ మనలాగే షిఫ్టుల్లో పనిచేసే జనం.

షిఫ్టుల మాట వచ్చింది కాబట్టి మన వృత్తిలోకి వద్దాం. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

ఇంగ్లాండులో లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్ళు. అక్కడ జనానికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది, గేటు డబ్బులు రావడం మొదలైంది, కానీ ఆట సరిగ్గా ఆడేవాళ్ళు తక్కువ. ఆడేవాళ్ళు స్కాట్లాండులో ఉన్నారు. డబ్బిచ్చి పిలవడానికి రూల్సు ఒప్పుకోవు, ఆట పెద్దమనుషుల సరదా తప్ప కూలి పని కాదు కదా! దాంతో ఏం చేశారంటే, మిల్లులోనో, బారు కొట్లోనో ఒక ఉద్యోగం చూపించి స్కాట్లాండు కుర్రాళ్ళని దించారు. కాగితం మీద ఒక ఉద్యోగం, అసలు పని ఇంకోటి. ఈ ఏర్పాటు గురించి మన ఐటీ జనాలకి నేను విడమర్చి చెప్పాలా? నూట నలభై ఏళ్ళ కిందటే బాడీషాపింగు ఉంది, ఆన్‌సైటు ఉంది, రెజ్యూమెలో రాసుకున్న పని వేరు, చేసే పని వేరు అన్నది కూడా ఉంది.

వాళ్ళల్లో పేరుమోసినవాడు ఫెర్గస్ సూటర్. గ్లాస్గోలో రాళ్ళు చెక్కే మేస్త్రీ. 1878లో డార్వెన్ అనే మిల్లు ఊరికి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకి రాళ్ళ పని మానేశాడు. ఎందుకయ్యా అంటే ఇంగ్లాండు రాయి మరీ గట్టిగా ఉంది, చేతులు వాస్తున్నాయి అన్నాడని చెప్తారు. ఇంతకన్నా అందమైన సాకు నేనైతే ఏ స్టేటస్ కాల్‌లోనూ వినలేదు.

1879లో ఆ డార్వెన్ టీము ఎఫ్ఏ కప్పు క్వార్టర్ ఫైనల్‌కి చేరింది. ఎదురుగా ఓల్డ్ ఈటోనియన్స్, అంటే దేశంలోకెల్లా ఖరీదైన స్కూల్లో చదివిన దొరబిడ్డలు. మ్యాచి లండన్‌లో. 5-1తో వెనకబడి, ఆఖరి పావుగంటలో నాలుగు గోల్సు కొట్టి 5-5 చేశారు మిల్లు కుర్రాళ్ళు. రీప్లే, మళ్ళీ లండన్‌లోనే. చందాలు పోగేసుకుని మళ్ళీ వెళ్ళారు. 2-2. ఇంకో రీప్లే, అదీ లండన్‌లోనే! మూడోసారి వెళ్ళి 6-2తో ఓడిపోయారు. నెల తిరక్కుండా మూడుసార్లు అంత దూరం రైల్లో పడి వచ్చి ఆడినవాళ్ళు ఒకవైపు, ఇంటి దగ్గర నుంచి నడిచొచ్చినట్టు వచ్చి ఆడినవాళ్ళు ఒకవైపు. కప్పులో అందరూ సమానమే అంటారు. గ్రౌండులోకి దిగాక సమానమే. గ్రౌండు దాకా రావడంలో కాదు.

ఆ తర్వాత వ్యవహారం చకచకా నడిచింది. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే కార్మికుల టీము అదే ఓల్డ్ ఈటోనియన్స్‌ని ఫైనల్లో 2-1తో ఓడించింది. దొరల చేతికి కప్పు మళ్ళీ రాలేదు. సూటర్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌కి మారిపోయి (కంపెనీ మారితే హైకు, అప్పుడూ ఇప్పుడూ అంతే) 1884, 85, 86 మూడేళ్ళూ కప్పు గెలిచాడు. అందులో మొదటి రెండు ఫైనల్సులో వాళ్ళు ఓడించింది ఎవరినో తెలుసా? మన క్వీన్స్ పార్క్‌నే. డబ్బు ముట్టుకోమని ఒట్టేసుకున్న గ్లాస్గో క్లబ్బుని, డబ్బు కోసం గ్లాస్గో వదిలొచ్చినవాడు ఓడించాడు. 1885 జులైలో ఇంగ్లాండు అసోసియేషన్ ఇక దాచి లాభం లేదని జీతాలకి ఆడటాన్ని ఒప్పేసుకుంది. స్కాట్లాండు 1893 దాకా బిగుసుకు కూర్చుంది. ఇంగ్లాండులో ఆడుతున్న తమ వాళ్ళని 1896 దాకా జాతీయ జట్టులోకే తీసుకోలేదు. ఊరొదిలి పోయినవాడంటే ఊళ్ళోవాళ్ళకి ఉండే ఉక్రోషం ఆ దేశంలో కూడా అంతే.

జీతాలు ఒప్పుకున్నాక కొత్త చిక్కొచ్చిపడింది. జీతం వారంవారం ఇవ్వాలి. కానీ కప్పులో మొదటి రౌండులోనే పోతే? మిగతా సీజనంతా స్నేహపూర్వక మ్యాచిలే. అవతలి టీము కప్పులో గెలిచి ముందుకు పోతే ఆ మ్యాచీ రద్దు. జనం గేటు దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. ఆదాయం ఎప్పుడొస్తుందో తెలీదు, ఖర్చు మాత్రం శనివారం శనివారం తప్పదు. దీనికి విరుగుడు ఆలోచించినవాడు కూడా స్కాట్లాండు వాడే. విలియం మెక్‌గ్రెగర్, పెర్త్‌షైర్ నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్నాడు, ఆస్టన్ విల్లా క్లబ్బు పెద్దల్లో ఒకడు. 1888 మార్చిలో కొన్ని క్లబ్బులకి ఉత్తరాలు రాశాడు. ప్రతి టీమూ ప్రతి టీముతో వాళ్ళ ఊళ్ళో ఒకసారి, మన ఊళ్ళో ఒకసారి ఆడదాం, తేదీలు ముందే ఖాయం చేసుకుందాం అన్నాడు. ఆ సెప్టెంబరులో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు మొదలైంది. కొట్టు నడిపేవాడికి తప్ప రాదు ఆ ఆలోచన. రేపు షాపు తెరుస్తామో లేదో తెలీకపోతే గుమాస్తాకి జీతం ఎలా ఇస్తాం?

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఏడాది అదే, 1888.

సిమ్లాలో బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్ ఒక కప్పు పెట్టాడు. అవును, 1893లో ఆఫ్ఘనిస్తాన్‌కీ మనకీ మధ్య గీత గీసిన డ్యూరాండే. సైనికుల కాలక్షేపానికి, ఆరోగ్యానికి ఈ పోటీ. అన్నాడేల్ మైదానంలో మొదటి ఫైనల్. రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ 2-1తో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీని ఓడించింది. రెండూ స్కాట్లాండు పటాలాలే! ఆ తర్వాత హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ అయిదుసార్లు గెలిచింది. అందులో 1893 నుంచి 95 దాకా వరసగా మూడు. స్కాటిష్ బోర్డరర్స్ రెండుసార్లు. బ్లాక్ వాచ్ 1897 నుంచి 99 దాకా మూడుసార్లు. మొదటి 12 ఏళ్ళలో 11 సార్లు కప్పు స్కాట్లాండు పటాలాలకే పోయింది. ఆశ్చర్యం ఏముంది? హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీకి కుర్రాళ్ళు దొరికేదే గ్లాస్గో వీధుల్లో. కొందరు బంతితో లాంకషైర్ మిల్లులకి పోయారు, కొందరు తుపాకీతో సిమ్లా వచ్చారు.

1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు, 1893లో కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డు మొదలయ్యాయి. అన్నీ నాకౌట్లే. సైనికులకి అదే సరిపోతుంది మరి. పటాలం ఇవాళ ఇక్కడ, రేపు పెషావరులో. జీతం సర్కారు ఇస్తుంది. ఏడాదికో పది రోజులు ఒకచోట చేరి కప్పు ఆడుకుంటే చాలు. కలకత్తా 1898లో తన ఊరి వరకు ఒక లీగు పెట్టుకుంది, అందుకే అక్కడ ఫుట్‌బాల్ ఊళ్ళో వేళ్ళు దిగింది అని నా అభిప్రాయం. దేశం మొత్తానికి మాత్రం ఇంగ్లాండు 1888లో చాలదని తేల్చిన పద్ధతే, అదే ఏడాది వచ్చి, అలాగే ఉండిపోయింది.

ఆ కప్పుల మీద దక్కన్ నుంచి దండెత్తినవాళ్ళే హైదరాబాదు సిటీ పోలీసు టీము. వాళ్ళని తీర్చిదిద్దిన రహీం సాబు 1909లో హైదరాబాదులో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, వృత్తి బడిపంతులు. చాదర్‌ఘాట్ హైస్కూలు లాంటి చోట్ల పిల్లలకి పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. ఆయన పెట్టిన పోటీల్లో ఒకదాని సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. డ్రిబ్లింగు లేని టోర్నమెంటు! బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి, దాన్ని పట్టుకుని ఊరేగకూడదు. ఇంకోటి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన టోర్నమెంటు. కుడికాలివాడు ఎడమతోనే తన్నాలి.

1872లో క్వీన్స్ పార్క్ కుర్రాళ్ళకి బరువైన ఇంగ్లీషువాళ్ళ ఎదుట తట్టిన ఉపాయమే, డెబ్భై ఏళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక పంతులుగారికి తట్టింది. మన కుర్రాళ్ళూ ఒంటితో కొట్లాడి గెలిచే బాపతు కాదు. బంతిని పరిగెత్తిస్తే మనిషి అంత పరిగెత్తక్కర్లేదు. సిమ్లా స్కాట్లాండు పటాలాల నుంచి చాదర్‌ఘాట్ దాకా తిన్నగా ఒక వైరు లాగేసి "చూశారా" అనాలని నాకూ సరదాగానే ఉంది కానీ అలా లాగను. చుట్టుతిరుగుడు దారి మాత్రం ఒకటుంది. జాన్ టెయిట్ రాబర్ట్‌సన్ అనే గ్లాస్గో ఆటగాడు 1911లో బుడాపెస్టు వెళ్ళి ఎంటీకే క్లబ్బుకి కోచ్ అయ్యాడు. ఆ వెనకే జిమ్మీ హోగన్ వెళ్ళాడు. ఆయన ఇంగ్లీషువాడే కానీ నేర్చింది, నేర్పింది స్కాట్లాండు పాసింగే. 1953లో హంగేరీ టీము లండన్ వెళ్ళి ఇంగ్లాండుని 6-3తో కొట్టి ప్రపంచాన్ని నోరు వెళ్ళబెట్టేలా చేసింది. ఆ హంగేరీ ఆటని శ్రద్ధగా గమనించి మన జట్టుని మార్చుకున్నవాళ్ళలో రహీం ఒకరు.

ఫలితాలు మీకు తెలిసే ఉంటాయి. హైదరాబాదు పోలీసు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌తో మొదటి మ్యాచి డ్రా చేసి, రీప్లేలో 1-0తో గెలిచింది. 1954, 1957లో మళ్ళీ డ్యూరాండ్. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఇంకోసారి. ఒకప్పుడు హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ఎత్తిన కప్పు, మన కానిస్టేబుళ్ళు ఎత్తారు. దేశం జట్టు కోచ్‌గా రహీం 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో కొరియా మీద 2-1తో మళ్ళీ బంగారం తెచ్చారు. జకార్తా వెళ్ళేటప్పటికే క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు.

కానిస్టేబుళ్ళు అన్నాను కదా. ఇక్కడే సూటర్ నాకు మళ్ళీ కనిపించాడు. పోలీసు టీము కుర్రాళ్ళకి ఆట వల్ల వచ్చేది పోలీసు ఉద్యోగం. పేరుకి ఖాకీ, పని బంతితో. మిల్లు బదులు డిపార్టుమెంటు, అంతే తేడా. లాంకషైర్ వైపుకి పోయినట్టే ఇక్కడి వాళ్ళు కలకత్తా వైపు పోయారు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అటు వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కి ఆరాధ్యుడైపోయాడు. 2023లో ఆయన పోతే కలకత్తా ఏడ్చినంత హైదరాబాదు ఏడవలేదు. అంతకు ముందే ఈస్ట్ బెంగాల్‌లో పంచపాండవులని పేరుపడ్డ అయిదుగురు ఫార్వర్డులూ దక్షిణాది వాళ్ళే, అందులో ఒకాయన పేరు అప్పారావు.

తేడా ఎక్కడొచ్చిందంటే, సూటర్ వచ్చిన పదేళ్ళకి ఇంగ్లాండులో ఒక మెక్‌గ్రెగర్ ఉత్తరాలు రాశాడు. మనకి ఎవరూ రాయలేదు. హైదరాబాదు టీము ఎంత గొప్పదైనా బొంబాయి వెళ్ళి కప్పు గెలిచి రైల్లో తిరిగొచ్చేది. సొంత ఊరి జనం టికెట్టు కొని వారంవారం చూసే మ్యాచిలు, అందులోంచి జీతం, ఆ జీతం చూసి "మావాణ్ణీ పంపుదాం" అనుకునే తల్లిదండ్రులు, ఈ గొలుసు తయారవలేదు. ఒక మంచి పంతులూ, ఆటంటే ఇష్టమున్న కొందరు పోలీసు అధికారులూ ఉన్నన్నాళ్ళు నడిచింది. సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకి 1956-57, 57-58లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కి 1965-66లో వచ్చింది. మళ్ళీ రాలేదు. రోవర్స్ కప్పే 2001తో ఆగిపోయింది. దేశం మొత్తానికి నేషనల్ లీగు వచ్చింది 1996లో. 1888 నుంచి లెక్కేసుకోండి, నూట ఎనిమిదేళ్ళు లేటు. మన ప్రాజెక్టుల్లో కూడా ఇంత స్లిప్పేజి నేను చూడలేదు.

అలాగని లీగు ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి అనుకునేరు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది కూడా. 2023-24 సీజనుకి వచ్చేసరికి జీతాల బకాయిలతో ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి మారిపోయి పేరు మార్చుకుంది. తేదీలు ఖాయం చెయ్యడం ఒకటే కాదు, శనివారం జీతం చేతిలో పెట్టడం కూడా ఆ బట్టల కొట్టాయన ఉత్తరంలోని భాగమే అన్నది మనవాళ్ళు చదవలేదేమో.

అన్నట్టు క్వీన్స్ పార్క్ ఏమైందో చెప్పలేదు కదూ. డబ్బు ముట్టుకోమన్న ఒట్టు నూట యాభై ఏళ్ళు నిలబెట్టుకుని, 2019లో ఓటేసుకుని వదిలేశారు. ఇప్పుడు అక్కడా జీతాలే. 2025 ఫిబ్రవరిలో స్కాట్లాండు కప్పులో వాళ్ళకి రేంజర్స్‌తో మ్యాచి పడింది, రేంజర్స్ సొంత మైదానం ఐబ్రాక్స్‌లో. రేంజర్స్ అంటే అక్కడ కొండ. ఆఖరి నిమిషాల్లో వచ్చిన పెనాల్టీని క్వీన్స్ పార్క్ గోల్‌కీపరు ఆపేశాడు. 1-0తో గెలిచారు. తర్వాతి రౌండులో అబెర్డీన్ చేతిలో ఓడిపోయారనుకోండి.

ఈ సంగతంతా మా వాలీబాల్ కెప్టెన్‌కి ఫోన్లో చెప్పాను. ఇప్పుడు వాడు విజయవాడలో ఏదో వ్యాపారం చేస్తున్నాడు. అంతా విని, "ఇంతకీ రైలు చార్జీలు ఎవరిచ్చార్రా?" అన్నాడు.

"రెండూ గ్లాస్గో టీములేరా," అన్నాను. "సిటీ బస్సులో వెళ్ళుంటారు."